తాళ్లమామ మణికట్టు

తాళ్లమామ "కూర్చో" అన్నాడంటే కళ్ళు మూసుకుని కూర్చోవచ్చని రంగులపని వాళ్ళందరికీ గట్టి నమ్మకం. కూర్చునేది కుర్చీలో అయితే ఈ కథ చెప్పుకోవలసిన పనే లేదు. డాబా మీద నుంచి రెండు తాళ్లకు వేలాడే చెక్కపలక మీద, కాళ్ళ కింద గాలి తప్ప ఇంకేమీ లేనిచోట కూర్చోవాలి. ఎత్తు భవనాల గోడలకు బయటివైపు రంగు వేసేది అలాగే. ఆ పలక తాళ్లను డాబా మీది ఇనప స్తంభాలకు ముడివేసి, అరచేత్తో తాడు మీద రెండు దెబ్బలు కొట్టి, అప్పుడు మామ ఆ మాట అనేవాడు. జీవితంలో ఎన్నిసార్లు అన్నాడో ఆయనకే తెలియదు. తప్పుగా అన్నది మాత్రం ఒక్కసారే. ఆ ఒక్కసారి కూర్చున్నది సొంత అల్లుడు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. కట్టేవాడు కూర్చోడు, కూర్చునేవాడు ముడి ముట్టుకోడు. కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ముడి మీద చెయ్యి వేసి చూడబోతే మామకు అరికాలి మంట నెత్తికెక్కేది.

"తియ్యి చెయ్యి! ఇద్దరి చేతులు పడ్డ ముడికి ఎవడూ పూచీ పడడు. నువ్వు బిగించావనుకున్నానని వాడంటాడు, నువ్వు చూసుకున్నావనుకున్నానని వీడంటాడు. ఈలోగా కింద పడేదెవడు? మీ తాతా?"

మామ నోరు మంచిది కాదుగానీ ముడి మంచిదని అందరూ అనేవాళ్ళు. మనిషి బక్కపలచన. కోపం వస్తే చెవులు ఎర్రబడతాయి. కోపం రాని రోజు ఉండదు కాబట్టి ఆయన చెవుల అసలు రంగేమిటో పెళ్ళానికి కూడా తెలియదని పనివాళ్ళు వెనక నవ్వుకునేవాళ్ళు. ముడి వేసేటప్పుడు మాత్రం మనిషి మారిపోయేవాడు. ముడివంక చూసేవాడు కాదు, ఎటో ఆకాశంవంక చూసేవాడు. స్తంభం చుట్టూ తాడు తిప్పి, తాడు కొసను, అంటే తోకను, మెలిక కిందనుంచి లాగి, బొటనవేలూ చూపుడువేలూ లోపలికి పెట్టి తడిమేవాడు. తోక మెలిక కింద ఉంటేనే ముడి నిలుస్తుంది. అది కింద పడుకుందా, మీద కూర్చుందా అన్నది వేళ్ళతోనే తెలుసుకునేవాడు. "కళ్ళు మోసం చేస్తాయిరా. మెలిక మీద ఉన్నా కింద ఉన్నా పైనుంచి ఒకలాగే కనిపిస్తుంది. వేళ్ళు అబద్ధం ఆడవు" అని గొప్పగా చెప్పేవాడు.

ఆ వేళ్ళకు బలం నిలవాలని తాళ్లు కట్టేవాళ్ళు ఒక పని చేస్తారు. పొద్దున్నే పనిలోకి దిగేముందు మణికట్టుకు తడిపిన గుడ్డపట్టీ చుట్టి, ఒక కొసను పళ్ళతో లాగి బిగిస్తారు. ఎండకు పట్టీ ఆరేకొద్దీ ఇంకా బిగుస్తుంది. చెయ్యి ఇనప కడ్డీలా నిలబడుతుందని, బెణకదని వాళ్ళ నమ్మకం. మామ ఆ పట్టీ లేకుండా ఒక్క రోజు కూడా తాడు ముట్టుకుని ఎరగడు.

అల్లుడు మొదట పనివాడిగా వచ్చాడు. మాట తక్కువ, చేతులు పెద్దవి. గోడ మీద అతని బ్రష్షు నడిచిన చోట మళ్ళీ చూసుకోనక్కరలేదు. మామ ఎన్ని తిట్లు తిట్టాడో, అందులో సగం ఇతనికే పడ్డాయి. అన్నీ తలవంచుకుని విన్నాడు. "తిట్టినా పారిపోనివాడు కాపురం చేస్తాడు" అని మామ కూతుర్నిచ్చి పెళ్ళి చేసి, ఇంట్లోనే పెట్టుకున్నాడు. అప్పటినుంచి పనివాళ్ళకు వేళాకోళమే. "మాకు ఒక చుట్టు, అల్లుడుగారికి రెండు చుట్లు! అంతేలే మామా, మేం ఎవరి బిడ్డలం?" అనేవాళ్ళు. మామ చెవులు ఎర్రబడేవి, కానీ లోపల సంతోషించేవాడు.

ఆ ఇంట్లో మణికట్ల కథ మామతో మొదలు కాలేదు. ముందు ఆయన భార్యది. వెనకటికి ఒకసారి తడిమెట్ల మీద కాలుజారి, పడిపోతూ అరచెయ్యి నేలకు ఆనించింది. బొటనవేలి మొదట్లో, వేలు చాపితే గుంటపడే చోట, నొక్కితే ప్రాణం పోయేది. ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, ఇప్పటికేమీ కనిపించడం లేదు, కట్టు కట్టుకుని కొన్నాళ్ళాగి మళ్ళీ రండి, అప్పుడు తెలుస్తుందన్నారు. మళ్ళీ ఎందుకు వెళ్ళాలో మామకు అర్థం కాలేదు. ఆయన లెక్కలో చేతికొచ్చే జబ్బు ఒక్కటే, బెణుకు.

"బొమ్మలో ఏం లేదని వాళ్ళే చెప్పారుగా. బెణుకే. నేను కడతా ఉండు" అని తన తడిపట్టీ తెచ్చి చుట్టాడు.

లోపల చిన్న ఎముక ఒకటి చిట్లింది. దానికి నెత్తురు అందేదే అంతంతమాత్రం. అది కాస్తా అందక సగం ఎముక చచ్చిపోయింది. ఆ సంగతి తెలిసేసరికి చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. అప్పటినుంచి ఆమె కుడి మణికట్టు సగం కూడా వంగదు. గిన్నె దించాలంటే మోచెయ్యి ఒడ్డాలి, బట్ట పిండాలంటే ఒక కొసను కుళాయికి చుట్టాలి. ఆమె ఏడవలేదు, అలవాటు చేసుకుంది. కానీ "బెణుకే" అన్న మాట ఎవరన్నా ఆమె కళ్ళు ఒక్కసారి మొగుడివైపు తిరిగేవి. మామ వేరే పని వెతుక్కునేవాడు.

తర్వాత కూతురు. పిల్లాడు పుట్టాక, వాడు బొద్దుగా పెరుగుతున్నకొద్దీ, వాణ్ణి చంకల కింద చేతులుపెట్టి ఎత్తినప్పుడల్లా బొటనవేలి వైపు మణికట్టు భగ్గుమనేది. సీసా మూత తిప్పినా అంతే. వేలు కదిలిస్తే లోపల ఏదో పట్టి వదిలినట్టు ఉండేది.

"ఇంట్లో నాలుగు జతల చేతులున్నాయని పేరేగానీ, సరైన జత అల్లుడిదొక్కటే" అంది భార్య ఒకరోజు. అప్పుడు అందరూ నవ్వారు. అల్లుడు పిల్లాణ్ణి ఒంటిచేత్తో పైకెత్తి చూపిస్తే పిల్లాడూ నవ్వాడు.

నాలుగు జతల్లో చెడిన మూడో జత తనదేనని మామ ఒప్పుకోలేదు. అప్పటికే ఆయన కుడిచేతికి రోగం పట్టింది. మొదట్లో నిద్రలో వచ్చేది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, చీమలు పాకినట్టూ సూదులు గుచ్చినట్టూ అయ్యేది. లేచి కూర్చుని, తడిచెయ్యి విదిలించినట్టు గట్టిగా విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. విచిత్రం ఏమిటంటే చిటికెనవేలికి ఏమీ లేదు. "పక్కవాళ్ళిల్లు కాలుతుంటే హాయిగా పడుకున్నాడు చూడు వీడు" అని మామ దాన్ని చూసి తిట్టుకునేవాడు.

తర్వాత అది పగటికి పాకింది. చొక్కా బొత్తాలు పెట్టుకోవడానికి అంతసేపు ఎందుకు పడుతోందని భార్య అడిగితే, దర్జీ కాజాలు సరిగా కుట్టలేదన్నాడు. టీగ్లాసు చేతిలోంచి జారి బద్దలైతే, గ్లాసు జిడ్డుగా ఉందన్నాడు. గ్లాసు జారడం కాదు భయపెట్టింది. జారుతున్నట్టు ఆయనకు తెలియలేదు. నేలమీద పగిలిన చప్పుడు విని చెయ్యి చూసుకుంటే, అందులో గ్లాసు లేదు.

ఆవేళ ఆయన పట్టీని ఇంకో చుట్టు ఎక్కువ చుట్టాడు. వేళ్ళు మొద్దుబారితే, పట్టు చాలడంలేదనుకున్నాడు. పట్టు చాలకపోతే ఇంకా బిగించాడు. బిగించినకొద్దీ వేళ్ళు ఇంకా మొద్దుబారాయి. ఆ పనిలో ఉన్న ఏ తాళ్లవాడైనా అదే చేసేవాడు, ఎందుకంటే వాళ్ళకు చెయ్యి బాగోలేకపోతే తెలిసిన మందు అదొక్కటే.

"ముంజేతి కంకణానికి అద్దమెందుకయ్యా? నీ చెయ్యి పాడైందని నాకు కనిపిస్తూనే ఉంది" అంది భార్య.

"నీకన్నీ కనిపిస్తాయి. బెణుకే" అన్నాడు మామ. ఆమె చూసిన చూపుకు ఆయన టీ తాగకుండానే పనికి వెళ్ళిపోయాడు.

అదే రోజుల్లో అల్లుడికి మరుపు పట్టుకుంది. మామ ముడులు వేసి, రెండు దెబ్బలు కొట్టి, "కూర్చో" అనేలోగా, "మామయ్యా, సన్నబ్రష్షు కింద మర్చిపోయాను" అనేవాడు. ఇంకోరోజు నీళ్ళసీసా, ఇంకోరోజు మసిగుడ్డ. మామ సణుక్కుంటూ మెట్లు దిగి వెళ్ళి తెచ్చేవాడు. "నువ్వే వెళ్ళి తెచ్చుకోవచ్చుగా?" అంటే, "కాలు పట్టేసింది మామయ్యా" అనేవాడు. ఇంటికొచ్చి మామ కూతురి దగ్గర మొత్తుకునేవాడు. "నీ మొగుడికి ఈ వయసుకే మతిమరుపేంటే? ఏదో ఒకరోజు తలకాయ కూడా కిందే మర్చిపోయి పైకొస్తాడు!" కూతురు నవ్వేది. అల్లుడు తలవంచుకుని భోంచేసేవాడు.

చివరికి కూతురు తన నొప్పి భరించలేక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. పిల్లాణ్ణి పట్టుకోవడానికి మామ వెంట వెళ్ళాడు. డాక్టరమ్మ పెద్దావిడ, గొంతు మెత్తన. కూతురి బొటనవేలును గుప్పిట్లోకి మడవమని, ఆ గుప్పిటను చిటికెనవేలి వైపు వంచమంది. కూతురు కెవ్వుమంది.

"భయపడకమ్మా. బొటనవేలిని లాగే తాళ్లు రెండు ఇక్కడ ఒక సన్నని గొట్టంలోంచి వెళతాయి. బిడ్డను ఎత్తీ ఎత్తీ ఆ గొట్టం వాచింది. తల్లులకు మామూలే. కొన్నాళ్ళు ఈ పట్టీ పెట్టుకుని, బొటనవేలికి పని తగ్గించు. పిల్లాణ్ణి ఇంకెవరినైనా ఎత్తమను" అంటూ బొటనవేలు కదలకుండా పట్టే గట్టిపట్టీ ఒకటి తొడిగింది.

అప్పుడే పిల్లాడి పాలసీసా మామ చేతిలోంచి జారి దొర్లుకుంటూ డాక్టరమ్మ కాలిదాకా వెళ్ళింది. ఆమె వంగి తీసి ఇవ్వబోయి, మామ చేతివంక చూసి ఆగిపోయింది. కూతుర్ని మందుల గదికి పంపి, మామ చొక్కాచెయ్యి పైకి జరిపింది. మణికట్టు చుట్టూ పట్టీ అచ్చు ఎర్రగా పడి ఉంది. బొటనవేలి కింద కండ ఉండాల్సిన చోట పల్లం పడింది.

"చేతులు రెండూ వంచి, వెనకవైపులు ఒకదానికొకటి ఆనించి ఉంచండి" అంది. అలా కాసేపు ఉంచగానే మూడు వేళ్ళలోకీ జివ్వుమని పాకింది. మామ పళ్ళు బిగబట్టాడు.

"కళ్ళు మూసుకోండి" అంది. మూసుకున్నాడు. "ఇప్పుడు మీ వేలు దేనికి తగులుతోంది?"

"దేనికీ తగలట్లేదమ్మా."

"కళ్ళు తెరవండి."

తెరిచాడు. ఆమె పెన్సిలు మొన ఆయన చూపుడువేలి కొసమీద నొక్కి ఉంది. నిజం చెప్పాలంటే, మెట్లమీద పడ్డ భార్య కేక విన్నప్పుడు కూడా ఆయనకంత భయం వేయలేదు.

"మణికట్టు దగ్గర ఇరుకుదారిలో ఒక నరం ఉంటుంది. మీ మూడు వేళ్ళకూ స్పర్శ ఇచ్చేది అదే. తాళ్లు లాగీ లాగీ ఆ దారి మూసుకుపోతోంది. పైగా ఈ పట్టీతో మీరే దాని పీక నొక్కుతున్నారు. ముందు పట్టీ మానండి. ఈ పనీ ఆపండి. కండ కరగడం మొదలైంది కాబట్టి చిన్న ఆపరేషను చేసి దారి వదులు చెయ్యాలి. ఆలస్యం చేస్తే పోయిన స్పర్శ తిరిగి రాకపోవచ్చు."

"పని ఎప్పటిదాకా ఆపాలమ్మా?"

"చెయ్యి ఒప్పుకునేదాకా."

మామ లేచి దణ్ణం పెట్టి బయటికొచ్చాడు. వసారాలో కూతురు నిలబడి ఉంది, మొహంలో ఆదుర్దా. "నిన్ను కూడా చూసిందా? ఏమంది నాన్నా?"

ఇక్కడ మామను తిట్టుకునేముందు ఒక్క మాట వినాలి. ఆయన పని మానితే పనులు ఒప్పుకునే మేస్త్రీ పిలిచేది ఇంకో తాళ్లవాణ్ణి, తొందరగాణ్ణి. వాడి పేరే అది. వాడు ముడివేసే తీరు మామ కళ్ళారా చూశాడు. ఒక చేత్తో బీడీ, ఒక చేత్తో తాడు. వాడు కట్టిన పలక ఒకసారి జారి ఒకతను రెండు కాళ్ళూ విరగ్గొట్టుకున్నాడు. "నా అల్లుడి ప్రాణం వాడి చేతిలో పెట్టనా? మొద్దుబారినా నా చెయ్యి నా చెయ్యే" అనుకున్నాడు మామ. ప్రేమే అది, కాదనలేం. అందులో పొగరు ఎంతపాలు కలిసిందో ఆయనకే తెలియాలి. ఈ ఒక్క భవనం అయిపోనీ, తర్వాత ఆపరేషనూ చేయించుకుంటాను, అన్నీ చెప్పేస్తాను అనుకున్నాడు.

"ఏముందే, పాత బెణుకట. తగ్గిపోయిందట కూడా. ఊరికే మందు ఎందుకు, పొమ్మంది" అన్నాడు.

కూతురు గుండెమీద చెయ్యి వేసుకుని నవ్వింది. "హమ్మయ్య!"

ఇంట్లో భార్య మాత్రం ఆ మాట వింటూ మొహం చిట్లించింది. ఆయన ఒంటరిగా దొరికినప్పుడు అంది, "అంత్యనిష్ఠూరం కంటే ఆదినిష్ఠూరం మేలయ్యా. ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పెయ్. తిట్టించుకుంటే పోయేదేం లేదు."

"నీకు అనుమానం జబ్బు" అన్నాడు మామ.

రెండు రోజులు పట్టీ లేకుండా పనిచేసి చూశాడు. తిమ్మిరి తగ్గినట్టే ఉంది, కానీ తాడు పట్టుకుంటే చెయ్యి బోసిగా, పిరికిగా అనిపించింది. మూడోనాడు మళ్ళీ చుట్టాడు.

ఆ తర్వాతి పని చిన్న భవనం, రెండంతస్తుల బడి. వానకు మాసిన గోడలు. పడిపోతే ఆపడానికి నడుముకు కట్టుకునే ఇంకో తాడు మేస్త్రీ పెద్ద భవనాలకే తెచ్చేవాడు. "ఇంత పొట్టిదానికి అదెందుకురా? దూకినా ఏం కాదు" అన్నాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు. తెల్లవారుజామున జల్లు పడి తాడు బరువుగా, జారుగా ఉంది. డాబా మీద గుంటల్లో నీళ్ళు నిలిచాయి. ఎప్పుడూ కూతపెట్టే పావురాలు కూడా ఎందుకో ఆవేళ పిట్టగోడ మీద చప్పుడు లేకుండా కూర్చున్నాయి.

అల్లుడు రంగు డబ్బా దించి, మామ పక్కన నిలబడ్డాడు.

"మామయ్యా, చెయ్యి తగ్గిపోయిందటగా? మీ అమ్మాయి చెప్పింది."

ఇదుగో, ఇదీ ఆ నిమిషం. దాన్నిప్పటికీ మామ రోజూ తిరగేస్తూనే ఉంటాడు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. లేదురా, నా వేళ్ళకేమీ తెలియట్లేదు, నువ్వే ఒకసారి చూసుకో అంటే అయిపోయేది. కానీ ఆ మనిషి పెదవిదాకా వచ్చినదాన్ని మింగేశాడు.

"నిక్షేపంలా ఉంది. డాక్టరమ్మే చెప్పింది" అన్నాడు.

అల్లుడి మొహం విప్పారింది. అంత సంతోషం ఎందుకో మామకు అర్థం కాలేదు. "పోనీలెండి, భలే మాట చెప్పారు. నాకు దిగులుగా ఉండేది" అన్నాడు.

మామ మొదటి స్తంభానికి ముడి వేశాడు. ఆకాశంవంక చూస్తూ రెండో స్తంభానికి తాడు తిప్పాడు. తోకను లాగాడు. బొటనవేలూ చూపుడువేలూ లోపలికి పెట్టి తడిమాడు. అక్కడ తాడున్నట్టే ఉంది, లేనట్టూ ఉంది. దూది మూటలో చెయ్యి పెట్టినట్టు ఉంది. ఒక్కసారి కిందికి చూద్దామనుకున్నాడు. ఇన్నేళ్ళు చూడనివాడు ఇప్పుడు చూస్తే అల్లుడికి అనుమానం రాదూ? చూడలేదు. వేళ్ళకు తెలియనిదాన్ని మనసులో తెలిసినట్టు అనుకుని, అరచేత్తో రెండు దెబ్బలు కొట్టాడు.

"ఇవాళ ఏమీ మర్చిపోలేదేం?" అని వేళాకోళం చేశాడు. బ్రష్షులూ, నీళ్ళసీసా, మసిగుడ్డ, అన్నీ అల్లుడి నడుముకు వరసగా వేలాడుతున్నాయి.

"లేదు మామయ్యా. ఇక మర్చిపోను" అన్నాడు అల్లుడు నవ్వి.

"కూర్చో."

అల్లుడు పిట్టగోడ దాటి పలక మీద కూర్చున్నాడు. తాళ్లు కిర్రుమన్నాయి. ఒక క్షణం అంతా సరిగానే ఉంది. తర్వాత రెండో స్తంభం దగ్గర మెలిక మెల్లగా, ఏ తొందరా లేకుండా, విచ్చుకుంది. తోక మెలిక కింద లేదు, మీద ఉంది. మామ చూసి ఒక్క గెంతు గెంతి కుడిచేత్తో తాడు పట్టుకున్నాడు. పట్టుకున్నాననే అనుకున్నాడు. తాడు వేళ్ళలోంచి పరుగెడుతూ తోలు లేపేసి పోయింది, ఆయనకు నొప్పి తెలియలేదు. వేళ్ళు నెత్తురోడుతున్నాయని చూశాకే తెలిసింది, అప్పటికి తాడు లేదు. కిందనుంచి రంగు డబ్బా పడ్డ చప్పుడు, ఆ వెనకే ఇంకో చప్పుడు వినిపించాయి.

పడుతున్న మనిషి ఏం చేస్తాడు? నేలను ఆపడానికి చేతులు చాపుతాడు. అల్లుడు రెండు చేతులూ చాపాడు. తల దక్కింది, వెన్ను దక్కింది. రెండు మణికట్లూ దక్కలేదు. మామ కిందికి పరుగెత్తుకొచ్చేసరికి, ముంజేతులు రెండూ మణికట్ల దగ్గర మెట్టు పడినట్టు పైకి లేచి, చేతులు ఎవరివో తెచ్చి అతికించినట్టు ఉన్నాయి. గోడకు వెయ్యాల్సిన తెల్లరంగు అల్లుడి ఒళ్ళంతా ఉంది. "అల్లుడూ! అల్లుడూ!" అని మామ అరుస్తుంటే అతను కళ్ళు తెరిచి, "పిల్లాడికి చెప్పకండి" అన్నాడు. మాటలే రాని పసివాడికి ఎవరు చెబుతారు! ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియలేదు.

పెద్ద ఆసుపత్రిలో ఎముకల డాక్టరు ఆపరేషను చేశాడు. ఎడమచెయ్యి అతుక్కుంటుందన్నాడు. కుడి కీలు నుగ్గయింది, ఆ చేత్తో అన్నం తినగలడుగానీ తాడు పట్టడం, బ్రష్షు పైకెత్తి గోడకు రాయడం ఇక ఆశ పెట్టుకోవద్దన్నాడు. పక్కనుంచి మేస్త్రీ, "అయ్యో, పొట్టి భవనమేగా" అన్నాడు. మామ వాడి మొహంలోకి చూస్తే వాడు బయటికి పోయాడు.

మర్నాడు సాయంత్రం అల్లుడికి బాగా తెలివొచ్చింది. రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. మామ మంచం పక్కన స్టూలు మీద, చేతికి కట్టుతో, తల ఎత్తకుండా కూర్చున్నాడు. కూతురు పిల్లాణ్ణి తల్లి దగ్గర వదిలి వచ్చి కాళ్ళ దగ్గర నిలబడింది.

"మామయ్యా, ఒకటి చెబుతాను, కోప్పడకండి" అన్నాడు అల్లుడు.

మామ తన చేతి కట్టువంకే చూస్తున్నాడు.

"నేను కట్టుబాటు తప్పాను. మీ ముడి ముట్టుకున్నాను. ఒకసారి కాదు. మీ చేతిలోంచి గ్లాసు పడ్డప్పటినుంచి."

మామ తల ఎత్తాడు.

"మీరు ముడి వేశాక బ్రష్షు మర్చిపోయాననీ, సీసా మర్చిపోయాననీ మిమ్మల్ని కిందికి పంపేవాణ్ణి గదా, అందుకే. మీరు మెట్లు దిగగానే విప్పి మళ్ళీ కట్టుకునేవాణ్ణి. కొన్నిసార్లు మీది బాగానే ఉండేది. కొన్నిసార్లు తోక పైనే ఉండేది. మీతో చెబితే మీరు పని మానేస్తారు, మానేస్తే బతకలేరు. అందుకని చెప్పలేదు." ఊపిరి తీసుకున్నాడు. "తగ్గిపోయిందని మీ అమ్మాయి చెప్పింది. మీరూ చెప్పారు. ఇంకా మీ ముడి విప్పితే మిమ్మల్ని అవమానించినట్టే గదా అనుకున్నాను. అందుకే ఆవేళ ఏమీ మర్చిపోలేదు."

కూతురు తండ్రివంక తిరిగింది. "నువ్వే చెప్పావుగా నాన్నా. తగ్గిందని ఆవిడే అందన్నావుగా?" ఆమె గొంతులో కోపం లేదు. ఎవరైనా ఇది అబద్ధం కాదని చెబితే బాగుండునన్న ఆశ ఉంది.

మామ స్టూలు మీంచి లేచి కూతురికి ఎదురుగా నిలబడ్డాడు.

"అబద్ధమే చెప్పానే" అన్నాడు. "తగ్గలేదు. పెన్సిలు గుచ్చితే కూడా నాకు తెలియలేదు. నీతో అబద్ధం చెప్పాను, వీడితో అబద్ధం చెప్పాను."

కూతురు మొహం కప్పుకుని ఏడ్చింది. బొటనవేలిని పట్టిన గట్టిపట్టీ చెంపకు గుచ్చుకుంటున్నా చెయ్యి తియ్యలేదు. తప్పు చేసినవాడిలా తలవంచుకుంది అల్లుడే. మామను తినేసేది ఇప్పటికీ అదే.

తొందరగాడి భయం తీరిపోయింది. అల్లుడి కోసం ఇంక ఏ చేతులూ తాడు కట్టనక్కరలేదు. మామకు డాక్టరమ్మ ఆపరేషను చేసి నరానికి దారి వదులు చేసింది. రాత్రి తిమ్మిర్లు పోయాయి. వేళ్ళకు స్పర్శ మాత్రం రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు, మీరు ఆలస్యంగా వచ్చారు అంది. మామ తడిపట్టీలన్నీ పోగుచేసి పొయ్యిలో వేశాడు. అవి కాలుతుంటే భార్య పక్కనే నిలబడి చూసింది. ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. అని ఉంటే మామకు కాస్త తేలికగా ఉండేది.

అల్లుడు ఇంటికొచ్చిన రోజు పొద్దున, పిల్లాడు నేలమీద పాక్కుంటూ వెళ్ళి తండ్రి మోకాళ్ళు పట్టుకుని, ఎత్తుకోమని రెండు చేతులూ పైకి చాపాడు. ఎప్పుడూ ఎత్తేది ఆ తండ్రే. అల్లుడు కట్ల చేతులు ఇటూ అటూ ఆడించి, పిల్లాణ్ణి చూసి నవ్వబోయి నవ్వలేకపోయాడు. పిల్లాడు తల్లివైపు తిరిగాడు. ఆమె బొటనవేలు పట్టీలో ఉంది. అమ్మమ్మవైపు తిరిగాడు. ఆమె వంగని మణికట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇల్లంతా మనుషులున్నా పసివాణ్ణి ఎత్తడానికి ఒక్క జత చేతులు లేవు. పిల్లాడు ఏడుపందుకున్నాడు.

మామ లేచి వెళ్ళి వాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. మణికట్లు ఆనకుండా, మోచేతుల నుంచి రెండు ముంజేతులూ వాడి కింద చాపాడు. కుడివేళ్ళు వాడి వీపు మీద ఉన్నాయో లేదో ఆయనకు తెలియలేదు. ఒక్క అంగుళం కూడా లేపకుండా అలాగే ఆగిపోయాడు. చెవులు తెల్లగా పాలిపోయాయి.

"అమ్మాయ్" అన్నాడు. "ఇటు రా. దగ్గరికొచ్చి చూడు. నువ్వూ కింద ఒక చెయ్యి పెట్టు."

ఇద్దరి చేతులు వద్దన్న మనిషి ఆ మాట అనగా ఆ ఇంట్లో అదివరకెవరూ వినలేదు. కూతురు వచ్చి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీ ఉన్న చెయ్యి పిల్లాడి కింద పెట్టింది. భార్య కూడా లేచి వచ్చి నిలబడింది.

"చూసి చెప్పవే" అన్నాడు మామ, వాడివంకే చూస్తూ. "పట్టుకున్నానా?"